నాయిన తపసి చెట్టు, అవ్వ పుట్టకొక్కులు

కట్టుడు పళ్ల గురించి మా ఈడు వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒకరికి పైవరస, ఒకరికి కిందివరస, నాబోటి అదృష్టవంతులకు రెండూ. ఈ ఎండాకాలం జనగామలో పళ్ల డాక్టరు నాకు కొత్త సెట్టు చేసి ఇచ్చి, మాట్లాడేటప్పుడు జారకుండా ఉండడానికి రోజూ పొద్దున దాని మీద చల్లుకొమ్మని ఒక పొడి డబ్బా కూడా ఇచ్చాడు. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పంతులమ్మగా పనిచేసి, ఒత్తులు పలకని పిల్లలను నిలబెట్టి మరీ పలికించినదాన్ని, ఇప్పుడు నా ఉచ్చారణ అంతా ఒక పొడి దయ మీద ఆధారపడిందని నవ్వుకుంటూ, మర్నాడు పొద్దున సింకు దగ్గర నిలబడి తడి సెట్టు మీద ఆ పొడి చల్లాను. చల్లగానే సన్నగా ఒక పుల్లటి వాసన వచ్చింది. చింతపండు పులుపు కాదు, పులిసిన మజ్జిగ పులుపు కాదు. ఆ వాసన నా బతుకులో ఒక్కచోటే ఎరుగుదును, ఎండాకాలం సాయంత్రాలు అడవి నుంచి వచ్చి మా నాయిన అరుగు మీద దించే గోనెసంచిలో. పళ్లు చేతిలో పట్టుకుని, బోసినోటితో ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు.

ఆదివారం హనుమకొండ నుంచి నా బిడ్డ వచ్చినప్పుడు డబ్బా మీది సన్న ఇంగ్లీషు అక్షరాలు చదివి చెప్పమన్నాను. కరాయా గమ్ అని ఉందంది. నేను అనుకున్నదే. తపసి బంకకు వ్యాపారస్తులు పెట్టుకున్న పేరు అది. నాయిన గుట్ట మీద గీరి తెచ్చిన బంక దేశాలు దాటి పోతుందని, మందుల్లో కలుపుతారని చిన్నప్పుడు వినేదాన్ని. తిరిగి తిరిగి చివరికి నా నోట్లోకే వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే నా బిడ్డ, దుకాణంలో ప్లాస్టిక్ డబ్బాలో అమ్మే తెల్లని గుండు పుట్టగొడుగులు తెచ్చి కూర చేసింది. రుచి లేదన్నాను. తప్పు కొత్త పళ్లదో, కూరదో తేల్చుకోలేక ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు అడిగింది, "మరి నీ చిన్నప్పుడు అమ్మమ్మ వండే పుట్టకొక్కులు ఏడ దొరుకుతుండె అమ్మా? జాగ చెప్పు, లొకేషన్ పెట్టుకుంట. ఆరుద్ర కార్తెల పోదాం." తర్వాత చెబుతానన్నాను. పిల్లలు అడిగిన దానికి జవాబు వాయిదా వేయడం నా ఉద్యోగంలో నేను చేయని పని. ఆ తర్వాత ఫోనులో రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ మాట దాటేశాను. ఎందుకు దాటేశానో చెప్పాలంటే ఒక చెట్టు సంగతి, ఒక కొక్కు సంగతి పక్కపక్కన పెట్టి చెప్పాలి. ఒకటి మా నాయినది, ఒకటి మా అవ్వది. మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం.

మా ఊరు గూడూరు దాటి అడవి దిక్కు పోయే దారిలో ఉండేది. పేరు రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, మానుకోట ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా అయ్యాయి గాని, అప్పుడు అన్నీ ఒకటే, మా అందరికీ పట్నమంటే ఓరుగల్లే. మాకు రెండెకరాల చెలక ఉండేది, వాన పడితే జొన్న, పడకపోతే దేవుడు. అందుకే ఎండలు ముదిరి పొలం పని లేని రెండు మూడు నెలలు నాయిన తపసి బంకకు పోయేవాడు, వానలు మొదలయ్యాక అవ్వ అడవిలో కూరలకు పోయేది. ఇద్దరూ ఒకే గుట్టకు పోయేవాళ్లు, కాని ఇద్దరి అడవి ఒకటి కాదు.

తపసి చెట్టు చూడనివాళ్లకు దాని గురించి చెప్పడం కష్టం. మంచి మట్టి ఉన్నచోట పెరగదు, రాళ్లగుట్టలే దానికి ఇష్టం. ఎండాకాలం ఆకంతా రాల్చేసుకుని నున్నని తెల్లని బెరడుతో, సున్నం వేసిన గోడలా కోసెడు దూరానికి కనబడుతుంది. పైపొర కాగితంలా లేచి వస్తుంది. పలక పగలగొట్టుకున్న ఏడు నేను దాని మీదనే బొగ్గుతో అక్షరాలు దిద్దాను. కాయ ఎర్రగా ముద్దొస్తుంది గాని, దాని నూగు అంటుకుంటే చేయి మండిపోతుంది. అంత పెద్ద చెట్టుకు ఉన్న ఆయుధం ఆ నూగొక్కటే, అదీ కాయకు తప్ప మానుకు లేదు. చిన్న గొడ్డలితో మాను మీద గాటు పెడితే, రెండు మూడు రోజుల్లో బంక వంకరలు తిరుగుతూ ఊరి, ఎండకు గట్టిపడుతుంది. దాన్ని గీరి తెచ్చి, బెరడు తునకలు ఏరి, నీడన ఆరబెట్టే పని ఇంట్లో నాది. ఆ పుల్లటి వాసన నా జుట్టుకు పట్టి, బడిలో నా పక్కన కూర్చునే పిల్ల కొంచెం జరిగి కూర్చునేది.

నాయినకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. కౌగిలికి పట్టనంత లావైన చెట్టుకే గాటు పెట్టాలి. గాటు జానెడు మించకూడదు, గోరంతకన్నా లోతు పోకూడదు. ఈ ఏడు గాటు పెట్టిన చెట్టును రెండేళ్లు ముట్టకూడదు. వీటన్నిటికన్నా పెద్దది గుర్తు. బంక తీసే ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉండేది. నాయినది రెండు నిలువు గీతలు, వాటి కింద ఒక అడ్డగీత. కొడవలి మొనతో రొమ్మెత్తున పైపైన గీసేవాడు. ఆ గీతలున్న చెట్టును నాయిన చెప్పనిదే ఇంకో మనిషి ముట్టడు. కంచె లేదు, కాపలా లేదు, కాగితం లేదు, అయినా నాకు తెలిసి ఆ గుట్ట మీద ఒకరి చెట్టును ఒకరు దోచుకున్నది లేదు. ఇంకొకరి గుర్తు దొంగతనంగా పెట్టడం మాత్రం ఊళ్లో పెద్ద తప్పు.

ఇంకా చెప్పాలంటే మా నాయిన నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఏ చెట్టు ఎక్కడుంది, ఏ మాను బాగా ఊరుతుంది, గాటు ఏ పక్కన పెట్టాలి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. తన తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు, ఊళ్లో ఇంకో ఇద్దరికి ఆయనే పని నేర్పాడు, తన గుర్తున్న చెట్లకు వాళ్లనూ గాటు పెట్టుకోనిచ్చేవాడు. మన కూడు మనమే పంచుకోవడం ఎందుకని ఎవరైనా అంటే, "నేర్సిన ఇద్దె దాసుకుంటె సచ్చినంక దయ్యమైతం" అనేవాడు. నేను పంతులమ్మను కావడానికి ఆ మాట కొంత కారణమే.

అవ్వ పూర్తిగా వేరు. అడవిలో పుట్టకొక్కులు చాలా రకాలు లేస్తాయి, చాలావాటిని అందరూ ఎరుగుదురు. అవ్వ తెచ్చేది మాత్రం ఇంకెవరికీ దొరికేది కాదు. చెదల పుట్ట మీద ఏడాదికి ఒక్కసారి, ఆరుద్ర కార్తెలో ఉరిమిన మూడోనాడు లేచి, మూడు రోజులుండి మాయమయ్యే జాతి. గొడుగు నడినెత్తిన బూడిదరంగు మొన, కాడ మోచేతి పొడుగు, మాంసం తిననివాళ్లు కూడా దాని వాసనకు ఆగిపోయేవాళ్లు. అవ్వ ఒక దారిన పోయి ఇంకో దారిన వచ్చేది. బుట్టలో కింద కొక్కులు, మధ్యన మోదుగాకులు, పైన నాలుగు ఎండుపుల్లలు. ఎవరైనా ఎదురైతే కట్టెలకు పోయానని చెప్పేది. పుట్టను ఎప్పుడూ తవ్వేది కాదు. పైనుంచే చేత్తో మెల్లగా తిప్పి తీసి, బాగా విచ్చుకున్న ముసలివాటిని అలాగే వదిలి, తీసిన గుంతను మట్టితో ఆకులతో పూడ్చి వచ్చేది. గోడకు చెవులుంటాయని నమ్మి, ఇంట్లో కూడా ఆ జాగ ఊసెత్తేది కాదు. కాపురానికి వచ్చి పదిహేనేళ్లయినా నాయినకు కూడా ఆ పుట్ట ఎక్కడుందో తెలియదు. ఆయనకు చెబితే ఊరందరికీ చెప్పినట్టేనని ఆమె లెక్క, ఆ లెక్క తప్పనలేం.

నాకు పదేళ్లు వచ్చిన ఏడు, ఇంకా వానలు పడకముందే, ఒక పొద్దున అవ్వ నన్ను వెంట రమ్మంది. ఎక్కడికని అడగనివ్వలేదు. రెండు వాగులు దాటి, ఎక్కిన గుట్టే మళ్లీ దిగి, చాలాసేపు నడిచాక ఒక బండ కింద ఆగింది. మోకాలెత్తు చెదల పుట్ట, దాని పక్కన నా నడుమంత లావున్న లేత తపసి చెట్టు. పుట్ట మీద అప్పటికి ఏమీ లేదు. ఇదేనా అని చూపడానికి నేను వేలు ఎత్తబోతే అవ్వ నా చేయి పట్టుకుని, ఆ వేలును మడిచి, కణుపుతో చూపించింది. లేత పిందెకు, పుట్టకొక్కుకు వేలు చూపితే కుళ్లిపోతాయని మా దిక్కు నమ్మకం. అప్పుడామె అన్న మాట ఒక్కటే. "నా తర్వాత నీదే బిడ్డా. ఉరిమిన మూడోనాడు ఇద్దరం వద్దాం."

అప్పటి నా గర్వం చెప్పలేను. నాయినకు కూడా తెలియనిది నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టక ఒకటే ఆలోచన, ఇంత మంచి జాగను అవ్వ ఏ గుర్తూ లేకుండా వదిలేసిందేమిటి, ఎవరైనా తీసుకుపోతే ఎట్లా అని. మీకిప్పుడు నవ్వు రావచ్చు. నేను పెరిగిన ఇంట్లో, ఒక వస్తువు నీదని నలుగురికీ తెలియాలంటే దాని మీద గుర్తు పెట్టాలి, గుర్తు పెట్టినదాన్ని ఎవరూ ముట్టరు. నాయిన చెట్లన్నీ అలాగే భద్రంగా ఉన్నాయి గదా. రెండు రోజులకు, మేకలకు ఆకు తెస్తానని చెప్పి కొడవలి తీసుకుని ఒక్కదాన్నే ఆ దారి వెతుక్కుంటూ పోయి, పుట్ట పక్కన లేత తపసి మాను మీద, నా రొమ్మెత్తున, రెండు నిలువు గీతలు, కింద ఒక అడ్డగీత గీసి వచ్చాను. గీతలు చాలా చక్కగా వచ్చాయి.

పది రోజులకు ఉరిమింది. మూడోనాడు పొద్దున్నే అవ్వతో పోయాను. అవ్వ బండ తిరిగి, ఆగిపోయింది. పుట్ట లేదు. గడ్డపారతో తవ్విన గుంత, పెల్లలు పెల్లలుగా మట్టి, వాటి మీద దిక్కుతోచక తిరుగుతున్న చెదలు, అక్కడక్కడ విరిగిపడ్డ బూడిదరంగు మొనలు. లేత తపసికి అరచేయి లోతున రెండు గాట్లు, వాటిలోంచి బంక వానకు నీళ్లై కారుతోంది. గాట్ల పైన నా గీతలు. అవ్వ వాటిని చూసింది, నన్ను చూసింది.

"గీత నువ్వే పెట్టినవా?"

అవునన్నాను. ఎందుకని అడగలేదు. "మంచిగ పెట్టినవ్. అచ్చం నీ నాయిన లెక్కనే," అని బుట్ట సర్దుకుని నడిచింది. తిట్టినా, నాలుగు దెబ్బలు వేసినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

జరిగింది ఏమంటే, వానలు ముదరకముందు మిగిలిన బంక గీరుకుందామని చిన్నాయన, ఆయన తోటివాళ్లిద్దరు ముందురోజు సాయంత్రం ఆ పక్కగా పోయారు. అన్న గుర్తు లేత చెట్టు మీద కనబడేసరికి వింతగా తోచి దగ్గరికి పోయారు, పోతే పుట్ట మీద ఒకరోజు ముందే తలెత్తిన కొక్కులు. దొరికిన సంబరంలో వేళ్లతో సహా తవ్వి రెండు గంపలు నింపుకొచ్చి వాడంతా పంచారు. మా ఇంటికి కూడా ఒక గిన్నె పంపారు. నాయిన మెచ్చుకుంటూ తిన్నాడు. అవ్వ కూడా తిన్నది. నేను నా కంచం పక్కకు జరిపాను.

కథ అక్కడితో అయిపోయినా బాగుండేది. వారం తర్వాత నాయిన ఆ లేత చెట్టును చూసి వచ్చాడు. కౌగిలికి పట్టే చెట్టుకు గాటా, అదీ అరచేయి లోతా అని తమ్ముణ్ణి నిలదీశాడు. "నీ గీత ఉంటెనే కొట్టినం, అన్నా," అన్నాడాయన. నేను పెట్టలేదని ఈయన. మా నాయిన అబద్ధం ఆడే మనిషి కాదు, చిన్నాయన కూడా కాదు, అందుకే ఎదుటివాడే అబద్ధమాడుతున్నాడని ఇద్దరూ గట్టిగా నమ్మారు. ఒకే గోడ ఇటు ఒకరు, అటు ఒకరు ఉంటూ అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే, అవ్వ, నేను. నేను భయంతో నోరు విప్పలేదు. దొంగగుర్తు పెట్టిందని ఊరు నన్ను అనకూడదని అవ్వ నోరు విప్పలేదనుకున్నాను. ఆమె బావి కాడ నలుగురు ఆడవాళ్లకు చెప్పింది ఒక్కటే, ఆ పుట్ట సచ్చిపోయింది, చెదలు లేచిపోయాయి, ఇక జన్మలో అక్కడ కొక్కు లేవదని. ఎవరైనా అయ్యో అంటే, నా దిక్కు ఒకసారి చూసి ఊరుకునేది. నాకు కళ్లనిండా నీళ్లు వచ్చేవి, వాళ్లు ఇంకా అయ్యో అనేవాళ్లు.

రెండేళ్లు ఇంట్లో ఆ కొక్కుల కూర లేదు. మూడో ఏట ఆరుద్రలో అవ్వ మళ్లీ బుట్టతో వచ్చింది, అడుగున నాలుగే నాలుగు. కొత్త జాగ దొరికిందంది. అప్పటినుంచి ప్రతి ఏడూ తెచ్చేది, ఒక్కతే పోయి. నన్ను మళ్లీ ఎప్పుడూ రమ్మనలేదు. నేను ఇల్లు ఊడ్చి, పొయ్యి రాజేసి ఎదురుచూసేదాన్ని. నా తర్వాత నీదే అన్న మాట తీసుకున్నట్టూ చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు. ఆ ఎదురుచూపు నన్ను బాధపెట్టినంతగా, తర్వాతి రోజుల్లో పెద్దపెద్ద కష్టాలు కూడా బాధపెట్టలేదు.

చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగు భూపాలపల్లి దగ్గరి ఊళ్లో. మా ఊరి నుంచి మూడు బస్సులు మారితే పొద్దు గూకేసరికి చేరేదాన్ని. అప్పటికి నాయిన పోయి ఏడాదైంది. చివరి రోజుల్లో ఆయనకు గుట్ట మీద గాటు పెట్టదగ్గ చెట్టు ఒక్కటీ మిగలలేదు. ఉత్త చేతుల్తో పోయి, ఎండిన మానుల మీద తన పాత గీతలు చూసుకుని వచ్చేవాడు. ఒకరోజు భూపాలపల్లి బస్టాండులో చిన్నాయన కనబడ్డాడు, భుజాన అదే పుల్లటి వాసన గోనెసంచి. మన దిక్కు తపసి ఒడిసిపోయిందని, ఇటు అడవుల్లో ఇంకా ఉన్నాయని వచ్చామని చెప్పాడు. టీ తాగుతూ, తానే ఆ పాత మాట ఎత్తాడు. "అన్ననే పిల్ల చెట్టుకు గీత పెట్టినంక మాకేం అడ్డం బిడ్డా. గప్పటిసంది మేం గూడ సన్నయి కొట్టుడు మొదలువెట్టినం. ఎన్కనె అందరు కొట్టిన్రు."

అప్పుడు చెప్పాను, ఆ గీత నాదని. ఆయన గ్లాసు కింద పెట్టాడు. కోపం లేదు. "గీ ముచ్చట అన్న ఉన్నప్పుడు చెప్తే అయిపోవు గద బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత బస్సు వచ్చింది, సంచి ఎత్తుకుని పోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా చెప్పడం. ఒక పదేళ్ల పిల్ల గీసిన మూడు గీతలతో గుట్టలకు గుట్టలు ఖాళీ అయ్యాయని నేననను, ఆకలి ఉన్నచోట, కొనేవాడు ఉన్నచోట ఏదో ఒక సాకు దొరికేదే. కాని దొరికిన సాకు మాత్రం మా నాయిన పేరు మీద నడిచింది, దాన్ని ఆయన బతికుండగా తుడిచే పని నాదే, నేను చేయలేదు.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఆఖరున మానుకోట దవాఖానలో పదిహేను రోజులు ఉంది. వానలు మొదలయ్యే రోజులు. ఒక మధ్యాహ్నం గట్టిగా ఉరిమితే కళ్లు తెరిచింది.

"ఎల్లుండి లేస్తయి," అంది.

ఎక్కడ అని అడిగాను, ముప్పై అయిదేళ్లు నోట్లోనే ఉన్న ప్రశ్న.

"ఏడనో ఎందుకు. గదే పుట్ట."

అది చచ్చిపోయింది కదా అవ్వా అన్నాను. ఎవలు చెప్పిన్రు అంది. నువ్వే చెప్పినవ్ అన్నాను.

"చెప్పిన. గందుకే బతికింది."

గడ్డపార పైపెల్లనే తీసింది, చెదల రాణి ఎంతో లోతున ఉంటుందట. ఆ రోజే మట్టి తిరిగి పూడ్చి, ఆకు కప్పి, ముళ్లకంప వేసి వచ్చిందట. మూడో ఏట నాలుగు లేచాయి. ఆ పైన ఏటా లేస్తూనే ఉన్నాయి, ఆమె పోతూనే ఉంది. కొత్త జాగ అనేదే లేదు. మరి నాకు ఒక్కదానికన్నా చెప్పొద్దా అని అడిగాను. ఆమె ఏమాత్రం తడుముకోలేదు.

"నువ్వు ఏడ్చుకుంట తిరిగితెనే గద, నిజమే అని అందరు నమ్మిరి."

నాకు ఆ రోజు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. చావుకు దగ్గరైన మనిషి అని కూడా చూడకుండా లేచి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నా చిన్నతనపు ఏడుపంతా ఆమె పుట్ట చుట్టూ కంపగా వేసుకుంది. కాసేపటికి లోపలికి పోయి, నాయిన సంగతి ఏమిటి, చిన్నాయన సంగతి ఏమిటి అని మాత్రం అడిగాను. కళ్లు మూసుకుంది. "గదొక్కటే తప్పయింది," అని మంచినీళ్లు అడిగింది. తాగించాను. ఆ వారంలోనే పోయింది.

మరుసటి ఏడు ఆరుద్రలో ఉరిమిన మూడోనాడు ఒక్కదాన్నే పోయాను. లేత తపసి ఉన్నచోట మోడు కూడా లేదు. పుట్ట ఉంది. బూడిదరంగు మొనలు మట్టిని చీల్చుకుని పైకి వస్తున్నాయి. ఎవరికి చూపించాలనో నా చేయి లేచింది, లేచి, వేలు దానంతటదే మడుచుకుంది. తొమ్మిది తీసి, మిగిలినవి వదిలి, గుంతలు పూడ్చి, వేరే దారిన వచ్చాను. దారిలో ఎదురైన మనిషి అడిగితే ఊరికే అట్లా నడవడానికి పోయానన్నాను. ఆ తర్వాత మోకాళ్లు మొరాయించేదాకా చాలా ఏళ్లు పోయాను. నా బిడ్డకు గాని, ఆయన బతికుండగా మా ఆయనకు గాని చెప్పలేదు, అంగడిలో కొన్నానని చెప్పి వండిపెట్టేదాన్ని. అవ్వ కొంగున ముడివేసుకున్న గుట్టు నా కొంగుకు చేరింది.

ఈ వయసులో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఏదీ తేలదు. తపసి చెట్టు దాక్కోలేదు, కోసెడు దూరానికి కనబడడం దాని ఖర్మ. దాన్ని కాపాడింది పదిమందికీ తెలిసిన కట్టుబాటు, కట్టుబాటు ఒక్కచోట సడలగానే ఆ పదిమందే దాన్ని ముగించారు. పుట్టకొక్కు ఏడాదిలో మూడు రోజులు తప్ప లోకానికి లేనట్టే. దాన్ని కాపాడింది ఒక ఆడమనిషి ఆడిన అబద్ధం. అట్లాగని అవ్వే గెలిచిందనీ అనలేను. ఈ మధ్య నర్సరీలో తపసి మొలకలు పెంచుతున్నారని విన్నాను. విత్తనం ఎప్పుడు ఏరాలో, ఏ రాతినేలలో పెట్టాలో నాయినలాంటి వాగుడుకాయలు నలుగురికీ చెప్పి పోబట్టే కదా అది కుదిరింది. పుట్టకొక్కును ఏ నర్సరీ నాటలేదు. తెలిసిన మనిషి పోతే ఆ జాగ ఉన్నా లేనట్టే. అన్నదమ్ముల మాటలు కూడా ఆ మౌనంలోనే పోయాయి, అది నేను మరిచిపోను.

పోయిన ఆదివారం బిడ్డ మళ్లీ వచ్చింది. కూర్చోకముందే ఫోనులో అడవి పటం తెరిచి నా ముందు పెట్టింది. ఒక వేలితో అటు జరిపి, ఇటు జరిపి, ఏడనో ఒక్కసారి వేలు పెట్టి చూపు అమ్మా, చాలు, అక్కడ గుర్తు పడుతుంది అంది. మంచి పిల్ల. అడవులంటే ఇష్టం, దానిలాగే చెట్లంటే పడిచచ్చే వాళ్ల గ్రూపు ఒకటి ఉంది, కనబడిన ప్రతి పువ్వునూ ఫొటో తీసి, చోటుతో సహా అందులో పెడుతుంది. అచ్చం తాత పోలిక. నేను ఆ పచ్చని పటం వంక చూశాను. అందులో గుట్ట ఉంది, రెండు వాగులూ ఉన్నాయి. వేలు పెట్టడమే తరువాయి. గుర్తు పెడితే భద్రమని నేనూ ఒకప్పుడు నమ్మాను.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినబడింది. "అది ఎప్పుడో చెడిపోయింది బిడ్డా. నా పదేండ్లప్పుడు నేనే చెడగొట్టిన." గీతల సంగతి, గడ్డపార సంగతి, అన్నదమ్ముల సంగతి అంతా చెప్పాను. దవాఖాన సంగతి ఒక్కటి చెప్పలేదు. చెబుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి, అవి మాత్రం అబద్ధం కాదు. బిడ్డ ఫోను పక్కన పెట్టేసి నా వీపు నిమిరింది. పోనీలే అమ్మా, చిన్నదానివి, నీకేం తెలుసు అప్పుడు అంది. బావి కాడి ఆడవాళ్లు కూడా నా కళ్లనీళ్లు చూసి ఇట్లాగే అయ్యో అనేవాళ్లు.

అవ్వకు ఆఖరున ఒక ఉరుము వినబడింది, పక్కన నేనున్నాను, చెప్పే వీలు చిక్కింది. నాకా వీలు చిక్కుతుందో లేదో తెలియదు. అందుకే ఇదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. రాస్తే బయటపడదా అని మీరు అడగవచ్చు. భయం లేదు. నా బిడ్డ మొదటినుంచీ ఇంగ్లీషు మీడియం, తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని, నాలుగు పేజీలు తెలుగు చదవాలంటే రెండో పేరాకే ఫోను తీస్తుంది. తెలుగు పంతులమ్మ కూతురు ఇట్లా అయిందేమని ఒకప్పుడు కుమిలేదాన్ని, ఇప్పుడు దాచుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు దొరకదు. అయినా ఏదో ఒక వానాకాలం, చేతిలో వేరే పని లేక, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆమె ఇక్కడిదాకా చదివిందనుకోండి, అంత ఓపిక ఉన్న మనిషికి పుట్ట చూపించవచ్చు. అప్పటికి నేనుంటే, ఫోను ఇంట్లో పెట్టించి, చేయి పట్టుకుని నేనే తీసుకుపోతాను.